సూర్యుని వెంట నడిచిన జాన్సెన్

జూల్ జాన్సెన్ 1824వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. బాల్యమున జరిగిన ప్రమాదమువలన జీవితాంతము కుంటివాడయ్యెను. బాంకులో పనిచేయుచునే చదువుకొనెను.

1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణము చూచుటకై ఆయన గుంటూరు వచ్చెను. అదే గ్రహణమును మన తెలంగాణమందలి వనపర్తిలో చింతామణి రఘునాథాచారి పరిశీలించెను. కరీంనగరమున అది పాక్షికమే. సూర్యబింబపు అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలు వాయువులని, వెలుగును రంగులుగా విడదీయు వర్ణపటదర్శినితో జాన్సెన్ గ్రహించెను. మరునాడు గ్రహణము లేకయే వాటిని మరల చూచెను. హీలియమును ఇచ్చటనే కనుగొనెనని కొందరందురు గాని, ఆ పసుపు గీత తెలిసిన మూలకములలో దేనిదియు కాదని తేల్చినవాడు ఆంగ్లేయుడగు లాకియరు. గుంటూరు ఖ్యాతికి ఆ మరునాటి పనియే చాలును.

1870లో ప్రష్యా సైన్యము పారిసును ముట్టడించియుండగా, మఱొక గ్రహణము కొఱకు బెలూనులో తప్పించుకొని ఆఫ్రికాలోని ఓరాను చేరెను. తీరా ఆనాడు మబ్బులు క్రమ్మినవి!

రామగుండపు ఎండనెఱిగిన మనకు చిత్రముగ తోచును గాని, సూర్యుని శక్తిలో కొంత దారిలో గాలియే మ్రింగును. నేడు ఉపగ్రహములు గాలికి పైనుండి దానిని కొలిచి చదరపు మీటరుకు సుమారు 1,361 వాట్లని చెప్పుచున్నవి. పరికరపు సొంత వేడి లెక్కను చెఱచును గనుక, వాటిని ముందుగా అతిశీతల యంత్రములతో సరిచూతురు. జాన్సెనుకు కొండయే దిక్కు. 1890లో, అరువదియాఱవ యేట, మనుష్యులు లాగిన మంచుబండిపై మోం బ్లాఁ శిఖరమెక్కెను. 1893లో అచ్చట వేధశాల నిర్మింపజేసెను. పునాదికి రాయి దొరకక మంచుమీదనే నిలిపిరి. సూర్యతాపమును అచ్చటినుండి కొలిచిరి. 1907లో ఆయన మరణించెను. మంచులో క్రుంగుచుండిన ఆ వేధశాలను 1909లో విప్పివేసిరి.