వారానికి ఒక్కనాటి గోలీ వెనుక ఎల్లాప్రగడ సుబ్బారావు

కీళ్లవాతంతో నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలకు పోయి వచ్చినవారి చీటీలో తరచు రెండు గోలీల పేర్లు కనబడతాయి. ఒకటి మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కనాడే వేసుకోవాలి. రెండవది ఫోలిక్ యాసిడ్. మొదటి గోలీ వల్ల కలిగే బాధలను తగ్గించడానికి దీనిని ఇస్తారు. ఈ రెండు మందులూ ఒకే పరిశోధనశాలలో తయారైనవే. ఆ పరిశోధనకు పెద్దగా ఉన్నవారు మన తెలుగువారే. ఆయన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగవవారు. చిన్నతనంలో చదువు మీద ధ్యాస తక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని బతకవచ్చునని పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి బయలుదేరితే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కారు. తరువాత మద్రాసులో చదువుతూ రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలని చూశారు. తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

అవి గాంధీజీ పిలుపు నడుస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్లేవారు. ఇది శస్త్రచికిత్స శాఖ అధిపతియైన దొరకు నచ్చలేదు. పరీక్షలు రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చి పంపారు. ఖద్దరు గుడ్డ ఖరీదు ఆయనకు అలా పడింది.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు వచ్చి ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో రక్తం తగ్గి మనిషి చిక్కిపోయే జబ్బు ఇది. సుబ్బారావుకూ అదే పట్టుకుంది. ఆయుర్వేదం తెలిసిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డారు. తరువాత కొంతకాలం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, పిల్లనిచ్చిన మామగారు కలిసి చేసిన సాయంతో 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. సుబ్బారావు మళ్లీ స్వదేశం చూడలేదు. ఇక్కడి డాక్టరు పట్టా అక్కడ చెల్లకపోవడంతో రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరారు. పగలు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువు సాగింది.

ఎముకల వైద్యానికి ఆయన చేసిన మొదటి మేలు ఈ రోజుల్లోదే. మన ఒంట్లో ఉన్న భాస్వరంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా బొక్కల్లోనే ఉంటుంది. నెత్తురులో అది ఎంత ఉందో తేలికగా కొలిచే పద్ధతిని ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా పేరుపడిన దీనిని దశాబ్దాల పాటు ప్రపంచమంతటా పరీక్షశాలల్లో వాడారు. కండ పనిచేయడానికి కావలసిన శక్తి ఏ పదార్థాల్లో దాగి ఉంటుందో కూడా వీరిద్దరూ కనిపెట్టారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో ఆయన పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి పరిశోధనకు పెద్ద అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. తన అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు ఈ మందే పనిచేస్తుందని తేలింది. బోదకాలు రాకుండా పల్లెల్లో పంచే డీఈసీ గోలీ కూడా ఆ పరిశోధనశాల నుంచి వచ్చిందే.

ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేస్తూనే, దానిని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే మందులను కూడా చేయించారు. తొందరగా పెరిగే చెడ్డ కణాలకు మేత అందకుండా చేయడం ఇందులోని కిటుకు. ఈ మందులలో మొదటిదానిని బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ నెత్తురు క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇస్తే, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ సంగతి 1948లో ప్రకటితమైంది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు.

కీళ్ల నొప్పులకు ఈ జాతి మందు పనికివస్తుందని ఆయనకు తెలియదు. 1951లో అమెరికాలో కొందరు డాక్టర్లు కీళ్లవాతం ఉన్నవారికి ఇచ్చి చూస్తే వాపులు తగ్గాయి. అయితే అప్పుడే వచ్చిన స్టెరాయిడ్ మందు అందరి కళ్లూ కప్పింది. వేసిన మరునాడే నొప్పి తగ్గేసరికి అంతా దాని వెంట పడ్డారు. అది చాలాకాలం వాడితే బొక్కలు గుల్లబారడం, షుగరు పెరగడం తరువాత బయటపడింది. 1988లో గాని అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి అనుమతించలేదు. నేడు ఈ జబ్బుకు ప్రపంచమంతటా మొదట ఎంచుకునే మందు ఇదే.

ఇక్కడ కీళ్లవాతమంటే రుమటాయిడ్ జాతి జబ్బు. ఒంటిని కాపాడవలసిన రక్షణ కణాలే కీళ్ల పొర మీద పడి తినేస్తాయి. రెండు చేతుల చిన్న కీళ్లు వాచి, పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోవడం దీని గుర్తు. ఆడవారిలో ఎక్కువ. మొదటి ఏడాది రెండేళ్లలోనే మందు మొదలుపెడితే కీలు వంకరపోకుండా, ఆపరేషన్ దాకా పోకుండా నిలబెట్టుకోవచ్చు. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ లోగానే విసిగి, ఊళ్లో సూది మందుకు పోయేవారున్నారు. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే.

వారానికి ఒక్కనాటి గోలీని పొరపాటున రోజూ మింగితే నోరు పూసి, నెత్తురు కణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఊరి అంగడి ఏ రోజో అందరికీ గుర్తుంటుంది కనుక, డాక్టరుతో మాట్లాడి అదే రోజు పెట్టుకుంటే మరిచిపోయే పని ఉండదు. ఫోలిక్ యాసిడ్‌ను సాధారణంగా వేరే రోజు వేసుకోమంటారు. కల్లు, సారా మానాలి. గర్భిణులూ, బిడ్డను కనాలనుకునేవారూ ఈ మందు వాడరాదు. నెత్తురు, కాలేయం పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు చేయించుకుంటూ ఉండాలి.

నల్లగొండ జిల్లాలో ఇంకొక చిక్కు ఉంది. మర్రిగూడ, మునుగోడు వంటి చోట్ల తరాల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినవారికి నడుము, మెడ, మోకాళ్లు పట్టేస్తాయి. అది బొక్కలో ఫ్లోరైడ్ పేరుకోవడం వల్ల వచ్చేది. దానికి మెథోట్రెక్సేట్ పనిచేయదు. మంచి నీళ్లు, పాలు, ఆకుకూరలతో జబ్బు ముదరకుండా చూసుకోవడమే గాని, వంగిన బొక్కను సరిచేసే గోలీ లేదు. ఆ ఊళ్లలో ఏ కీలు నొచ్చినా ఫ్లోరైడే అనుకుని ఊరుకోవడం సహజం. వారిలో రుమటాయిడ్ ఉన్నవారూ ఉండవచ్చు. ఏది ఏదో తేల్చడానికి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, నెత్తురులో ఆర్.ఎ. ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు ఉన్నాయి. సుబ్బారావు గోలీ రాసే ముందు డాక్టర్లు వీటినే చూస్తారు.