బడి స్థితిని దాచక చెప్పిన వెన్నెలకంటి సుబ్బారావు

ఏటేట ఏప్రిల్ మాసాంతమున బడులు మూయుదురు. నెల్లూరునకు దక్షిణముగా గూడూరు దారిలోనున్న మనుబోలులోను పిల్లలు మార్కుల కార్డులు చేతబట్టుకొని యిండ్లకు మరలుదురు. తండ్రి సంతకము చేయును. తల్లి పై తరగతికి పోయితివా యని యడుగును. అంతటితో ఆ సంవత్సరము ముగియును. చదివిన దానిలో పిల్లవానికి ఎంత బోధపడినదో ఆ కార్డు చెప్పదు, అడుగువారును అరుదు. ఈ ప్రశ్నను రెండువందల యేండ్లకు పూర్వమే వేసిన తెలుగు పెద్ద యొకరు కలరు. ఆయన వెన్నెలకంటి సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1784లో జన్మించిరి. వారిది ఒంగోలు సీమ. ఆ సీమ 1904 వరకు నెల్లూరు జిల్లాలోనే చేరియుండెను. బాల్యముననే తండ్రిని గోల్పోయి, బంధువుల యండను పెరిగిరి. అది నవాబుల యేలుబడి తొలగి కుంపిణీ ప్రభుత్వము నెలకొనుచున్న కాలము. నెల్లూరు సీమ 1801లో కుంపిణీవారి వశమయ్యెను. కచ్చేరీలలో పారసీ, మహారాష్ట్ర భాషలు ఇంకను వాడుకలో నుండెను. ఆంగ్లము క్రొత్తగా అడుగిడుచుండెను. ఆస్తి లేని బాలునకు భాషలే ఆస్తి యయ్యెను. ఒక్కొక్క భాషనే నేర్చి, ఒక్కొక్క మెట్టే యెక్కి, ఆయన చెన్నపట్టణపు సదరు అదాలతులో అనువాదకులైరి. దక్షిణదేశపు ఉన్నత న్యాయస్థానమది. ఒకరి మాటను వేరొకరికి తప్పులేకుండ తెలియజెప్పుటయే వారి వృత్తి. మాటకు అర్థమే ప్రాణమని ఆ వృత్తిలో నున్నవారికి వేరుగా బోధింపనక్కరలేదు.

1820లో చెన్నపట్టణమున పాఠ్యపుస్తక సంఘము వెలసెను. కలకత్తాలో అట్టి సంఘము అంతకు మూడేండ్లకు ముందే ఏర్పడియుండెను. సుబ్బారావుగారు చెన్నపట్టణ సంఘమున సభ్యులై, దేశమందలి బడుల స్థితిని గూర్చి ఒక నివేదిక సమర్పించిరి.

నాటి వీథిబడి యెట్టిదో మన తాతలు చెప్పగా విన్నవారమే. అయిదేండ్ల బాలుడు ఇసుకలో ఓనమాలు దిద్దును. పిదప గుణింతములు, ఎక్కములు, ఆ పైని తాటియాకుపై గంటముతో వ్రాత. అటుపై పద్యకావ్యములు, అమరము. ఇవన్నియు నోటికి వచ్చును, బుద్ధికి రావు. శ్లోకమును తడబడక వల్లించు బాలుడు దాని తాత్పర్యమడిగిన నేల చూచును. సుబ్బారావుగారు గుర్తించిన లోపమిదియే. అర్థము లేని వల్లెవేతలో పసివారి యేండ్లు వ్యర్థమగుచున్నవనియు, వ్యాకరణ జ్ఞానము కొరవడినదనియు ఆయన తెలిపిరి. సులభమైన భాషలో నీతికథలును, భాషను శాస్త్రీయముగా నేర్పు పుస్తకములును కావలెనని వారి యాశయము.

ఇది పరాయివాని నిందగాదు. తెలుగు నేలపై పుట్టి, ఆ చదువుల మధ్యనే పెరిగి, స్వశక్తిచే పైకి వచ్చినవాని సాక్ష్యము. గెలిచినవాడు తానెక్కిన నిచ్చెనను పొగడుట లోకసహజము. ఆయన మాత్రము దాని విరిగిన మెట్లను చూపిరి.

రెండేండ్లకు, 1822 జూన్ 25న, గవర్నరు సర్ థామస్ మన్రో బడుల లెక్క తీయవలసినదని ఉత్తరువు చేసెను. జిల్లా కలెక్టర్లు పంపిన వివరములను కూర్చి 1826లో ఆయన వ్రాసిన దాని ప్రకారము రాజధానిలో 12,498 బడులుండెను. జనసంఖ్య 1,28,50,941, అనగా వేయిమందికొక బడి. ఉపాధ్యాయునకు నెలకు ఆరేడు రూపాయలకు మించి దక్కుటలేదని మన్రో గుర్తించెను. ఆ జీతమునకు ఎట్టి పండితుడు దొరకును? లోపము పంతులుదొక్కటియే కాదనుటకు ఆ యంకెయే చాలును.

మన్రో లెక్క బడులు ఎన్నియో చెప్పినది. సుబ్బారావుగారి నివేదిక బడిలో ఏమి జరుగుచున్నదో చెప్పినది. రెండును కావలసినవే. కాని నేటికిని మనము మొదటిదానినే సులభముగా వ్రాయుదుము, రెండవదానికి మనసొప్పదు.

ఆయన 1829లో ఉద్యోగము విరమించి, 1839లో నెల్లూరిలో స్వర్గస్థులైరి. తన జీవితకథను ఆయన ఆంగ్లమున వ్రాసియుంచిరి. అది 1873లో చెన్నపట్టణమున అచ్చయ్యెను. ఆంగ్లమున స్వీయచరిత్ర వ్రాసిన తొలి భారతీయులలో ఆయన యొకరు.

ఆయన కోరిన పుస్తకములు మెల్లమెల్లగా వచ్చినవి. 1832లో పుదూరు చదలవాడ సీతారామశాస్త్రిగారి బాలశిక్ష, 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణము వెలువడెను. 1855లో విద్యాశాఖ యేర్పడి, పరీక్షాధికారులు బడులు చూడసాగిరి. వీనికన్నిటికిని ఆ నివేదికయే కారణమనుట అతిశయోక్తి. కాలమునకు ముందుగా అవసరమును పలికినవారిలో ఆయన యొకరనుట సత్యము.

అయినను ఒక చింత నన్ను విడువదు. ఆ నివేదిక సంఘమున కందినది. అది యెవరి బిడ్డలను గూర్చినదో ఆ తల్లిదండ్రుల కందలేదు. ఆంగ్లములో నున్న మాట పల్లె యిండ్లకు ఎట్లు చేరును? తన బిడ్డ నోట శ్లోకము విని మురిసిన తల్లికి, ఆ శ్లోకము వానికి తెలియదని చెప్పినవారు లేరు. జీవితమంతయు ఒకరి మాటను వేరొకరికి చేర్చిన అనువాదకుని ముఖ్యమైన మాట అనువాదము లేకయే యుండిపోయినది.

ఆ లోటు తీర్చుట నేటి ఉపాధ్యాయుల చేతిలో నున్నది. సంవత్సరాంతమున కార్డుతోబాటు తల్లికి ఆమె భాషలో నాలుగు మాటలు చెప్పవలెను: పిల్లవానికి వచ్చినదేమి, రానిదేమి, అందులో మన లోపమెంత. విద్యార్థులును, మార్కు చూచుకొనుటకు ముందు, తాము చదివిన పద్యమొకటి తీసికొని అర్థము చెప్పుకొని చూడవలెను. చెప్పగలిగిన నాడు ఆ సంవత్సరము ఫలించినట్లే.