46 ఏళ్లలో ఇన్ని పనులా? కొమర్రాజు లక్ష్మణరావు గారి జీవితం చెప్పే టైమ్ పాఠం



పేరెంట్-టీచర్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మీరు ముందు మార్కుల గురించి అడుగుతారు. తర్వాత అడిగేది టైమ్ గురించే. స్కూల్, స్టడీ అవర్స్, హోంవర్క్, ట్యూషన్ మధ్య పిల్లలకు ఊపిరాడడం లేదంటారు. దొరికిన కాస్త ఖాళీ కూడా ఫోన్‌కే పోతోందని బాధపడతారు. గోడకు టైమ్ టేబుల్ అంటించినా వారం దాటలేదని కొందరు తల్లులు చెబుతుంటారు.

అందుకే ఈ నెల మీకు మరో టైమ్ టేబుల్ ఇవ్వడం లేదు. ఒక మనిషి జీవితం చెబుతాను. ఆయన 46 ఏళ్లే బతికారు. ఆ కొద్ది కాలంలోనే ఉద్యోగం చేశారు, చరిత్ర రాశారు, గ్రంథాలయాలకు పునాది వేశారు, పుస్తకాల ప్రచురణ సంస్థ నడిపారు, తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. ఆయనే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు.

ఇంట్లోనే మొదలైన చదువు

లక్ష్మణరావు గారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువు కొంత మన తెలంగాణలోని భువనగిరిలో సాగింది. తర్వాత అక్క భండారు అచ్చమాంబ గారి ఇంట్లో ఉంటూ నాగపూర్‌లో చదువుకున్నారు. ఇప్పుడు మన ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో రైలెక్కి బల్లార్షా మీదుగా వెళ్తే వచ్చే నాగపూరే అది.

అచ్చమాంబ గారికి చిన్న వయసులోనే పెళ్లయింది, బడికి వెళ్లే అవకాశం రాలేదు. తమ్ముడు చదువుకుంటుంటే ఆమె అతని దగ్గరే చదవడం, రాయడం నేర్చుకున్నారు. ఆ చదువుతోనే తర్వాత గొప్ప స్త్రీల జీవితాలను పుస్తకంగా రాశారు. 1902లోనే కథలు రాసి, తెలుగు కథకు తొలి అడుగులు వేసిన వాళ్లలో ఒకరయ్యారు. 1905లో ముప్ఫై ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. చదువుకునే కుర్రాడు తన పుస్తకాల మధ్య అక్కకు పాఠం చెప్పడం ఈనాటి లెక్కలో చదువుకు అడ్డం. పరీక్షలున్నప్పుడు ఇవన్నీ ఎందుకని మనమే అంటాం. కానీ ఇంకొకరికి చెప్పినప్పుడే మన చదువు గట్టిపడుతుందని రోజూ క్లాసులో చూస్తున్నాను. లెక్క వచ్చిన పిల్ల పక్క పిల్లకు చెప్పిన రోజున ఆ లెక్క ఇద్దరికీ వస్తుంది. మీ పెద్దబ్బాయి చెల్లెలికి ఎక్కాలు చెప్పే పావుగంట వృథా కాదు.

నాగపూర్‌లో ఉండగా లక్ష్మణరావు గారికి మరాఠీ బాగా వచ్చింది. ఆ భాషలో వ్యాసాలు రాసే స్థాయికి చేరారు. సంస్కృతం, ఇంగ్లిష్‌తో పాటు మరికొన్ని భాషలు కూడా నేర్చుకున్నారు. మన ఆసిఫాబాద్‌లో మరాఠీ, గోండి, ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. నేను ఇంగ్లిష్ మీడియం టీచర్‌నే అయినా మీకు చెప్పేది ఒకటే. నానమ్మతో ఇంటి భాషలో మాట్లాడే టైమ్‌ను ఇంగ్లిష్ కోసం కోసేయకండి. ఒక భాష వచ్చిన పిల్లలకు రెండోది తొందరగా వస్తుంది.

ఉద్యోగం ఒకవైపు, పని ఒకవైపు

బి.ఏ. అయ్యాక లక్ష్మణరావు గారు మునగాల సంస్థానంలో చేరి దివాన్ బాధ్యతలు చూశారు. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల అప్పట్లో చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా బ్రిటిష్ పాలన కింద ఉండేది. ఎం.ఏ. కూడా ప్రైవేటుగానే పూర్తి చేశారు. భూములు, శిస్తులు, కోర్టు వ్యవహారాలు చూసే దివాన్ ఉద్యోగంలో తీరిక ఎక్కువగా ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఆయన చేసిన పనులు చాలా వరకు ఆ ఉద్యోగంలో ఉంటూ చేసినవే. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ లేని రోజులవి. తెలుగు పుస్తకం చదువుకోవడానికి జనానికి ఒక చోటు కావాలని తలచిన వాళ్లలో లక్ష్మణరావు గారు ముఖ్యులు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి అండ కూడా తోడైంది. ఆ గ్రంథాలయం నేటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది.

1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం, గొప్పవారి జీవితాలు మామూలు చదువరికి అర్థమయ్యే తెలుగులో అందించాలన్నది దాని ఉద్దేశం. మొదట హైదరాబాద్‌లో, తర్వాత మద్రాసులో నడిచింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు అబ్రహాం లింకన్ జీవితం రాసింది ఈ మండలికే. లక్ష్మణరావు గారు స్వయంగా భారతదేశ చరిత్ర రాశారు.

ఇన్ని పనులు ఒక్కడే ఎలా చేశాడని మనం అడుగుతాం. ఒక్కడే చేయలేదన్నదే జవాబు. ఇల్లిచ్చేవారు ఒకరు, డబ్బిచ్చేవారు ఒకరు, రాసేవారు పదిమంది. ఎవరికి ఏది వచ్చో చూసి ఆ పని వాళ్లకు అప్పగించారు. తనే చేయాల్సినవి మాత్రం తన దగ్గర ఉంచుకున్నారు. టైమ్ మిగుల్చుకునే పద్ధతుల్లో ఇదే పెద్దది. మన ఇళ్లలో అమ్మ ఒక్కతే పొద్దున ఐదింటి నుంచి అందరి బాక్సులు, బ్యాగులు, యూనిఫామ్‌లు చూస్తుంది. ఐదో తరగతి పిల్లవాడు తన బ్యాగు తాను సర్దుకుంటే అమ్మకు పది నిమిషాలు మిగులుతాయి. వాడికి బాధ్యత అలవాటవుతుంది.

అ దగ్గరే ఆగిన పుస్తకం

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లిష్‌లో ఉన్న ఎన్‌సైక్లోపీడియా లాంటిది తెలుగులోనూ ఉండాలని లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. లోకంలోని విషయాలన్నిటినీ అకారాది క్రమంలో చెప్పాలన్నది ఆలోచన. 1912 తర్వాత కొద్ది ఏళ్లలో మూడు సంపుటాలు వచ్చాయి. ఆ మూడూ కలిసినా అ అనే మొదటి అక్షరం దగ్గరే ఉన్నాయి. పని అక్కడ ఆగింది. 1923 జూలై 12న ఆయన కన్నుమూశారు.

టైమ్ మేనేజ్‌మెంట్ గురించి చెప్పే పుస్తకాలు ఇలాంటి ముగింపు చెప్పవు. ఒక్క నిమిషం వృథా చేయని మనిషికి కూడా టైమ్ చాలలేదు. మరి ఆయన ఓడిపోయారా?

తర్వాత ఏం జరిగిందో చూడండి. 1930లలో ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ విజ్ఞాన సర్వస్వాన్ని మళ్లీ చేతికెత్తుకున్నారు. హైదరాబాద్‌లో చరిత్ర పరిశోధన కోసం ఏర్పడిన మండలికి లక్ష్మణరావు గారి పేరే పెట్టుకున్నారు. ఆయన కూతురికి మేనత్త పేరే పెట్టారు. ఆ అచ్చమాంబ గారు డాక్టరై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. చదువుకునే రోజుల్లో అక్కకు అక్షరాలు నేర్పిన ఇంట్లో తర్వాతి తరం అమ్మాయి డాక్టర్ అయింది.

నాకు అర్థమైంది ఇది. అన్నీ పూర్తి చేయడానికి ఎవరికీ టైమ్ చాలదు. అందుకే ఏది చేయాలో ఎంచుకోవడమే ముఖ్యం. మనం ఆపినా ఇంకొకరు అందుకోగలిగే పని అయితే అందులో పెట్టిన గంట పోదు. పిల్లల రోజును కూడా ఇలాగే చూడాలి. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఒక్క గంట ఖాళీ లేకుండా నింపితే అది మంచి టైమ్ టేబుల్ అనిపిస్తుంది. కానీ అందులో ఆ పిల్లవాడు తానుగా ఎంచుకున్నది ఒక్కటీ ఉండదు. ఎవరూ చెప్పకుండా తన ఇష్టంతో పని పట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంటాడు? లక్ష్మణరావు గారికి గ్రంథాలయం పెట్టమని, సర్వస్వం రాయమని హోంవర్క్ ఇచ్చినవారు లేరు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

మొదటిది, రోజుకు అరగంట పిల్లలకే వదిలేయండి. ఫోన్, టీవీ తప్ప ఏదైనా వాళ్ల ఇష్టం. బొమ్మ గీయనీ, మొక్క నాటనీ, తాతతో కబుర్లు చెప్పనీ. మొదటి వారం ఏం చేయాలో తోచక విసుక్కుంటారు. మీరు కంగారుపడి ఏదో ఒకటి చేతికివ్వకండి.

రెండోది, చదివిన దాంట్లో ఒక్క విషయం రాత్రి భోజనాల దగ్గర మీకు చెప్పమనండి. మీకు తెలిసిందే అయినా వినండి. తెలియనిది అయితే ఇంకా మంచిది, ప్రశ్నలు అడగండి.

మూడోది, ఇంటి పనిలో ఒకటి పూర్తిగా వాళ్లకే అప్పగించండి. సగం చేసి వదిలితే మీరు అందుకుని పూర్తి చేయకండి, గుర్తు చేయండి చాలు.

నాలుగోది, నిద్ర కోసి చదివించకండి. రాత్రి పన్నెండు దాకా చదివిన పిల్లలు పొద్దున మొదటి పీరియడ్‌లో ఎలా ఉంటారో మాకు కనిపిస్తుంది.

ఈసారి మీటింగ్‌కు వచ్చినప్పుడు మార్కుల షీట్ చూసే ముందు, ఆ అరగంటలో మీ అమ్మాయి ఏం చేసిందో, మీ అబ్బాయి ఏం చేశాడో నాకు చెప్పండి. వినాలని ఉంది.