వాయు బ్యాటరీ కనిపెట్టిన లాయరు: విలియం గ్రోవ్

ఇంటర్ ల్యాబ్‌లో నీటిలోకి కరెంటు పంపి ఒక గొట్టంలో హైడ్రోజన్, ఇంకో గొట్టంలో ఆక్సిజన్ పట్టడం సైన్సు చదివిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. బ్యాటరీ తీసేసి రికార్డు రాసుకునేవాళ్ళం. తీసేశాక ఆ తీగల్లో ఏమవుతుందో చూడాలని మనకు తోచలేదు. అలా చూసిన తొలివారిలో విలియం రాబర్ట్ గ్రోవ్ ఒకరు. వృత్తిరీత్యా ఆయన లాయరు.

గ్రోవ్ 1811 జూలై 11న వేల్స్‌లోని స్వాన్సీలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి 1835లో బారిస్టర్ అయ్యారు. ఆరోగ్యం బాగాలేక కోర్టు పని తగ్గడంతో సైన్సు మీదికి మనసు మళ్ళింది. 1839లో జింకు, ప్లాటినం, ఆమ్లాలతో బలమైన బ్యాటరీ తయారుచేశారు. అమెరికాలో తొలినాటి టెలిగ్రాఫ్ ఆఫీసులు దాన్నే వాడాయి. అయితే దాని నుంచి వచ్చే విషవాయువు వల్ల తర్వాత మానుకున్నారు.

అసలు సంగతి రెండోది. ఆమ్లం కలిపిన నీటిలో రెండు ప్లాటినం రేకులు ముంచి, ఒకదాని చుట్టూ హైడ్రోజన్, మరోదాని చుట్టూ ఆక్సిజన్ ఉంచితే కరెంటు పుట్టింది. వాయువులు తరిగి నీరు తయారైంది. అంటే మనం ల్యాబ్‌లో చేసిన పని తిరగబడిందన్నమాట! షోన్‌బీన్ అనే జర్మన్ శాస్త్రవేత్త కూడా అప్పుడే ఇదే గమనించారు. గ్రోవ్ 1842లో ఇలాంటి గొట్టాలు ఎన్నో వరుసగా కలిపి, ఆ కరెంటుతోనే వేరే పాత్రలో నీటిని విడగొట్టి చూపించారు. ఆయన పెట్టిన పేరు వాయు బ్యాటరీ. నేటి ఇంధన ఘటం అదే.

కరెంటు మాత్రం చాలా స్వల్పం. వాయువు, ద్రవం, ప్లాటినం మూడూ కలిసేచోటే చర్య జరుగుతుందని ఆయన గ్రహించారు. అయినా ప్లాటినం ఖరీదు, హైడ్రోజన్ దొరికే చోటు లేదు. తర్వాత డైనమోలు వచ్చాయి, బొగ్గు చవక. వాయు బ్యాటరీ పక్కన పడింది.

1841 నుంచి 1846 వరకు లండన్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన గ్రోవ్, పెరిగే సంసారం కోసం మళ్ళీ నల్లకోటు వేశారు. చదువు మధ్యలో సంపాదన వైపు వెళ్ళక తప్పనివాళ్ళు మన హాస్టల్లోనూ ఉన్నారు కనుక నాకిది వింతగా అనిపించలేదు. (ఆయనది కలిగిన కుటుంబమే అనుకోండి.) 1871లో జడ్జి అయ్యారు, 1896 ఆగస్టు 1న లండన్‌లో మరణించారు.

ఇంగ్లండు ఇంజనీరు ఫ్రాన్సిస్ బేకన్ 1959లో 5 కిలోవాట్ల ఘటం నడిపి చూపించాక దానికి మళ్ళీ ప్రాణం వచ్చింది. అపోలో నౌకల్లో కరెంటూ, తాగునీరూ ఈ ఘటాలే ఇచ్చాయి. 1970లో అపోలో-13లో ఆక్సిజన్ ట్యాంకు పేలి, వాయువు అందక కరెంటు పోయింది. భూమి మీదా చిక్కు అక్కడే. హైడ్రోజన్ ద్రవం కావాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చాలి, కారు ట్యాంకులో పట్టాలంటే 700 బార్ల దాకా నొక్కాలి. దానికి కంప్రెసర్లు, ప్రత్యేక ట్యాంకులు, దారిపొడవునా బంకులు కావాలి.

2024 జనవరి 1న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన పీఎస్‌ఎల్‌వీ-సీ58లో ఇస్రో 100 వాట్ల తరగతి ఇంధన ఘటాన్ని పరీక్షించింది. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ అధిక పీడన పాత్రల్లో నింపి, ఇక్కడి నుంచే పంపారు.