యంత్రశిల్పి సొయిచిరో హోండా

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో మోటారు సైకిలు తిరుగని బాట అరుదు. పాలక్యానులను, విత్తనపు మూటలను, బడికి పోవు పిల్లలను మోయుచు ఆ బండ్లు ప్రతిదినము మన కన్నుల యెదుట సాగుచుండును. 1985వ సంవత్సరమున మన దేశమున తయారగుట మొదలిడిన హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 అను బండ్లను నేటికిని విడువనివారు కలరు. కొందరు అట్టి పాత బండ్లను తుక్కు క్రింద అమ్మివేయుదురు. మరికొందరు వానిని విప్పి, కడిగి, అరిగిన భాగములను సవరించి, తిరిగి నడిపించి, కన్నబిడ్డలవలె కాపాడుకొందురు. ఈ రెండవ తెగవారి శ్రమ వ్యర్థమని నవ్వువారును లేకపోలేదు. పనికిరావని మూలబడిన ఇంజనులను నడిపించుటతోనే లోకప్రసిద్ధమైన సంస్థకు పునాది వేసిన ఒక జపాను దేశీయుని చరిత్రమును మేమిచ్చట చెప్పదలచితిమి. అది చదివిన పిమ్మట ఆ నవ్వు తగునో తగదో చదువరులే నిర్ణయింతురు గాక.

సొయిచిరో హోండా 1906వ సంవత్సరము నవంబరు 17వ తేదీన జపానులోని షిజువోకా ప్రాంతమున కోమ్యో అను పల్లెలో జన్మించెను. ఆ పల్లె నేడు హమామత్సు నగరములో చేరియున్నది. తండ్రి గిహెయి కమ్మరి. తల్లి మికా మగ్గముపై బట్ట నేయుటలో నేర్పరి. నూలు చీరకు పట్టు అంచును జోడించు నేతకు మన గద్వాల పేరుగన్నట్లే, నూలుబట్టల నేతకు ఆ కాలమున హమామత్సు పేరుగన్నది. అచ్చటనే 1909వ సంవత్సరమున మిచియో సుజుకి యనునతడు మగ్గములను చేయు కర్మాగారమును స్థాపించెను. నేడు సుజుకి యను పేర మోటారు సైకిళ్లను చేయుచున్న సంస్థకు మూలమదియే. మగ్గపు మర్మమెరిగిన చేతులే పిమ్మట ఇంజను మర్మమును గ్రహించినవని ఆ యూరి చరిత్రము తెలుపుచున్నది.

బాలుడైన హోండాకు పుస్తకములకంటె తండ్రి కొలిమియే ప్రియమైనది. గిహెయి పనిముట్లను చేయుటతోపాటు సైకిళ్లను కూడ బాగుచేయుచుండెను. ఒకనాడు ఆ పల్లెకు మోటారు కారు వచ్చెను. అట్టి వాహనమును మునుపెన్నడును చూడని ఆ బాలుడు దాని వెంట పరుగెత్తి, అది నిలిచినచోట నేలపై చుక్కలుగా రాలిన నూనెను ముట్టి వాసన చూచి మురిసెనట. 1917వ సంవత్సరమున ఆర్ట్ స్మిత్ అను అమెరికా వైమానికుడు హమామత్సులో విమానమును నడిపి చూపెను. హోండా తండ్రికి చెప్పకయే సైకిలు తీసికొని అచ్చటికి పోయి, ప్రవేశ రుసుము చాలకపోగా, చెట్టెక్కి ఆ వేడుకను కన్నులార చూచెను.

1922వ సంవత్సరమున, పదునైదేండ్ల ప్రాయమున, ఇతడు టోకియో నగరమునకు పోయి, యూజో సకకిబార అను యజమాని నడపుచున్న ఆర్ట్ షోకాయ్ అను మోటారు మరమ్మతుశాలలో శిష్యుడుగా చేరెను. చేరిన వెంటనే పానా చేతికి రాలేదు. కొన్ని నెలలపాటు యజమాని పసిబిడ్డను ఎత్తుకొని ఆడించుటయు, నేల ఊడ్చుటయే ఇతని పనియయ్యెను. ఇంటికి మరలిపోవలెనని మనసున తోచినను, తల్లిదండ్రుల మొగము తలచుకొని నిలిచెను. బిడ్డను వీపున కట్టుకొనియే పెద్ద పనివారు ఇంజనులను విప్పు విధమును కన్నార్పక చూచుచుండెను.

1923వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన మహాభూకంపము టోకియోను కూల్చి, అగ్నిచే దహించెను. మరమ్మతుశాలయు కాలిపోయెను. పెక్కుమంది శిష్యులు స్వస్థలములకు వెడలిపోగా, హోండా యజమానిని విడువక నిలిచెను. మంటలలో కాలిన కార్లను తెచ్చి, విప్పి, వంగినదానిని చక్కజేసి, చక్రములకు కొత్త కొయ్య చువ్వలను చెక్కి, వానిని తిరిగి నడిపించు పనిలో ఆ బాలుడు దినదినమును ఆరితేరెను. పాడైన యంత్రమును బాగుచేయువాడు దానిని చేసినవాని తలంపును వెనుకనుండి చదువుచున్నాడని చెప్పవచ్చును. ఏ భాగము మొదట కాలినది, ఏది తట్టుకొని నిలిచినది, ఎందుచేత నిలిచినది అను ప్రశ్నలకు ఆ కాలిన కార్లే ఇతనికి ఉత్తరము చెప్పినవి.

మరుసటి సంవత్సరమున సకకిబార సోదరులు పందెపు కారు నొకదానిని నిర్మింపగా హోండా వారికి తోడ్పడెను. దాని ఇంజను కొత్తది కాదు. కర్టిస్ అను అమెరికా సంస్థవారి పాత విమానము నుండి విప్పితెచ్చినది. 1924వ సంవత్సరము నవంబరు మాసమున జరిగిన పందెములో ఆ కారు ప్రథమస్థానము గెలిచెను. యజమాని తమ్ముడు దానిని నడుపగా, ప్రక్కన కూర్చుండి యంత్రమును కనిపెట్టినవాడు పదునెనిమిదేండ్ల హోండా.

యజమాని నమ్మకమును పొందిన హోండా 1928వ సంవత్సరమున హమామత్సులో ఆ శాలకు శాఖను తెరచెను. వ్యాపారము బాగుగా సాగెను. కాని ధనముతోపాటు సాహసమును పెరిగెను. 1936వ సంవత్సరము జూను మాసమున టోకియో చేరువనున్న తమగావా పందెపు బాటలో ఇతడు స్వయముగా నడపిన కారు మరియొక కారును ఢీకొని పల్టీకొట్టెను. ఇతడు గాయపడుటయే గాక, తోడుగా కూర్చున్న తమ్ముడు బెంజిరో వెన్నెముకకును దెబ్బ తగిలెను. వేగమునకు వెల యున్నదనియు, ఆ వెలను ఒక్కొక్కప్పుడు మన ప్రక్కనున్నవారు చెల్లింతురనియు మన యువకులు గ్రహింపవలెను.

అటుపిమ్మట హోండా పిస్టన్ రింగులను తయారుచేయు కార్యమునకు పూనుకొనెను. సిలిండరులో పైకి క్రిందికి కదలు పిస్టనునకు తొడిగెడి సన్నని ఇనుప కడియములే ఈ రింగులు. మండిన వాయువు క్రిందికి జారకుండను, నూనె పైకి ఎక్కకుండను ఇవి అడ్డుకొనును. చూపునకు స్వల్పమైనను రింగు చెడిన ఇంజనునకు బలముండదు. చేతిపనిలో తనకు సాటిలేదని నమ్మిన హోండా రేయింబవళ్లు పోతపోసినను ఇతని రింగులు పెళుసై విరిగిపోయెను. కూడబెట్టిన సొమ్ము కరిగెను. అప్పుడు ఇతడు, ముప్పదియేండ్లు దాటిన గృహస్థుడై యుండియు, సిగ్గు విడిచి హమామత్సులోని ఉన్నత పారిశ్రామిక పాఠశాలకు పోయి ఉపాధ్యాయులను ఆశ్రయించెను. పరీక్షించి చూడగా ఆ లోహమున సిలికాన్ చాలలేదని తేలెను. ఎన్నియో రాత్రులు కొలిమి చెప్పని రహస్యమును రసాయన శాస్త్రము చెప్పెను.

అంతట హోండా ఆ పాఠశాలలోనే చేరి, పిన్నవయసు విద్యార్థుల నడుమ కూర్చుండి లోహశాస్త్రమును వినెను. అయినను కష్టము తీరలేదు. టొయోటా సంస్థకు పరీక్షార్థము పంపిన 50 రింగులలో 3 మాత్రమే నిలిచెను. ఇతడు లోపములను ఒక్కొక్కటిగా సవరించుకొని, తుదకు ఆ సంస్థ మెచ్చునట్టి రింగులను వేలకొలది చేసి ఇచ్చెను. పరీక్షలు వ్రాయనందున పాఠశాల నుండి పట్టము లేకయే వెడలవలసివచ్చెను. హోండాకు పట్టము లేదు గనుక చదువు అక్కరలేదని కొందరు చెప్పుదురు. ఇది పొరపాటు. పట్టము లేకయు ఇతడు పైకి వచ్చెను గాని, పాఠము లేక రాలేదు.

యుద్ధకాలమున ఇతని కర్మాగారములలో ఒకటి బాంబులచే పాడయ్యెను. మరియొకటి 1945వ సంవత్సరము జనవరి మాసపు భూకంపమున కూలెను. యుద్ధము ముగిసినంతట మిగిలినదానిని టొయోటాకు 4,50,000 యెన్నులకు అమ్మివేసి, ఇతడు సుమారొక సంవత్సరము ఏ పనియు చేయక కాలము గడపెను.

1946వ సంవత్సరమున హమామత్సులో చిన్న పాక వంటి శాలను నెలకొల్పి ఇతడు తిరిగి పనికి దిగెను. మొదట నేతయంత్రమును కల్పింపజూచెను గాని సొమ్ము చాలలేదు. అప్పుడొక మిత్రుని యింట ఇతనికి ఒక చిన్న ఇంజను కనబడెను. అది సైన్యమువారు తంతిలేని వార్తాయంత్రములకు విద్యుత్తు నిచ్చుటకై వాడినది. యుద్ధము ముగియగా అట్టివి పనిలేక పడియుండెను. దేశమున రైళ్లు క్రిక్కిరిసి, బియ్యము దొరకక, ప్రజలు సైకిళ్లపై పల్లెలకు పోయి తిండిగింజలు తెచ్చుకొనుచుండిరి. ఈ ఇంజనును సైకిలునకు కట్టిన ఆ శ్రమ తగ్గును గదా యని హోండాకు తోచెను. వెంటనే సుమారు 500 ఇంజనులను సంపాదించి, ఒక్కొక్కదానిని విప్పి సవరించి సైకిళ్లకు అమర్చెను. మొదటి బండికి పెట్రోలు తొట్టిగా అమరినది, చలికాలమున పడకను వెచ్చజేయు వేడినీళ్ల పాత్ర. దానిని వీధిలో నడిపి చూచినవారిలో ఇతని భార్య సచి ఒకరు. పెట్రోలు కొరతచే దేవదారు వేళ్లనుండి తీసిన నూనెను కలుపవలసివచ్చినందున ఆ బండ్లు విపరీతముగా పొగ చిమ్మెడివి. అయినను కొనువారు దూరపు నగరములనుండియు వచ్చిరి.

పాత ఇంజనులు అయిపోయినవి. అచ్చటనే వ్యాపారము ముగిసియుండవచ్చును. కాని 500 ఇంజనులను విప్పిన చేతులకు కొత్తదానిని చేయుట తెలిసియుండెను. 1947వ సంవత్సరమున హోండా సొంతముగా చేసిన ఎ-రకపు ఇంజను, 50 సీసీ పరిమాణమును అర గుఱ్ఱపు బలమును గలది, వెలువడెను. 1948వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన హోండా మోటారు సంస్థ ఏర్పడెను. 1949వ సంవత్సరమున డ్రీమ్ అను మోటారు సైకిలు వచ్చెను. ఆ యేడే తకెయో ఫుజిసావా యనునతడు సంస్థలో చేరి, ధనవ్యవహారమును తాను వహించి, యంత్రకార్యమును హోండాకు విడిచెను.

1954వ సంవత్సరమున సంస్థ ఆర్థిక సంకటమున నుండగనే, ఐల్ ఆఫ్ మాన్ ద్వీపపు పందెమున పాల్గొనెదమని హోండా ప్రకటించెను. అచ్చటికి పోయి చూడగా అన్యుల ఇంజనులు తనవానికంటె ఎన్నియో రెట్లు బలమైనవని తెలిసి నివ్వెరపోయెను. నిరాశ చెందక, యూరపులో దొరకిన గొలుసులను, కార్బురేటరులను కొనితెచ్చి వానిని పరిశీలించెను. 1959వ సంవత్సరమున అతనివారు మొదటిసారి పోటీచేసి 125 సీసీ తరగతిలో 6వ స్థానమును, జట్టు బహుమానమును పొందిరి. 1961వ సంవత్సరమున 125, 250 సీసీ తరగతులు రెండింటను మొదటి 5 స్థానములును హోండా బండ్లకే దక్కెను. ఈ నడుమ, 1958వ సంవత్సరమున, సామాన్యులకై చేసిన సూపర్ కబ్ అను చిన్న బండి వెలువడెను. ఆ రకపు బండ్ల సంఖ్య 2017వ సంవత్సరమున 10 కోట్లకు చేరెను.

1973వ సంవత్సరమున హోండా, ఫుజిసావా ఇరువురును ఒక్కసారిగా పదవులను విడిచిరి. అటుపై హోండా తన సంస్థ శాఖలకు ఊరూర తిరిగి, పనివారి చేతులు పట్టుకొని కృతజ్ఞత తెలిపెను. 1991వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన పరలోకగతుడయ్యెను. తన అంత్యక్రియల మూలమున బాటలలో రాకపోకలకు ఆటంకము కలుగరాదని కోరినందున సంస్థవారు ఆడంబరమైన ఊరేగింపు జరుపలేదు.

1998వ సంవత్సరమున మోటెగి యనుచోట ఆ సంస్థవారు పాత వాహనములకై ప్రదర్శనశాలను తెరచిరి. 1924వ సంవత్సరమున గెలిచిన ఆ కర్టిస్ కారును అందున్నది. అచ్చటి వాహనములను కేవలము తుడిచి నిలుపక, నడుచు స్థితిలో ఉంచుట వారి నియమము. నడువని యంత్రము బొమ్మ, నడుచునదియే యంత్రము.

మన యిండ్లలో పాత బండి యున్నవారు ఈ నియమమునే పాటింపవచ్చును. ఏండ్లతరబడి నిలిచిన ఇంజను పట్టివేసినచో సుత్తితో కొట్టరాదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రమున పలుచని నూనెపోసి కొన్ని దినములు ఓపిక పట్టవలెను. తొట్టిలోని తుప్పును కడుగక పెట్రోలు పోసినచో ఆ తుప్పే కార్బురేటరు సన్నని దారులను మూయును. రింగుల గాడులలో చేరిన మసిని మెల్లగా తీయవలెను. విప్పిన ప్రతి భాగమును వరుసగా పెట్టి, చిత్రము గీసికొని, బాగుపడగలదానిని బాగుచేసి, బొత్తిగా చెడినదానినే మార్చవలెను. మెరుగుకై అసలు భాగములను పారవేసినవాడు చరిత్రమును పారవేసినవాడగును.

వనపర్తి సంస్థానాధీశుల భవనమున 1959వ సంవత్సరము నుండి పాలిటెక్నిక్ నడచుచున్నది. రాజులు మెలగిన చావడులలో సామాన్యుల బిడ్డలు యంత్రవిద్య నేర్చిరి. చేతికి నూనె అంటుట చిన్నతనమని తలచు తల్లిదండ్రులు దీనిని యోచింతురు గాక. విద్యార్థులారా! పానా పట్టిన చేతిని పుస్తకము పట్టుటకు సిగ్గుపడనీయకుడు. పుస్తకము పట్టిన చేతిని పానా పట్టుటకు వెనుదీయనీయకుడు. హోండా జీవితమున ఈ రెండును కలిసినప్పుడే రింగు విరుగక నిలిచినది.