ఇసుకపై ఆనకట్ట.. నదిపై కాలువ
లంక సీమకు నీరిచ్చిన అపర భగీరథుడు కాటన్‌

ధవళేశ్వరం: ఎదుట గోదావరి పరవళ్లు తొక్కుతున్నా ఒడ్డునున్న చేనుకు చుక్క నీరందని కాలమది. పొంగితే వరద, ఎండితే కరవు. 1821లో 7.38 లక్షలుగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. బతికినవారిలో ఎందరో ఊళ్లు విడిచి వలసపోయారు. ఆ దుస్థితిని మార్చిన ఇంజినీరు సర్‌ ఆర్థర్‌ కాటన్‌.

కావేరి నేర్పిన పాఠం

1803 మే 15న ఇంగ్లండులో జన్మించిన కాటన్‌ 16వ ఏట మద్రాసు ఇంజినీర్ల దళంలో చేరారు. 1821లో భారతదేశానికి వచ్చారు. తంజావూరు సీమలో పనిచేస్తుండగా చోళుల నాటి కల్లణై ఆయనను ఆకర్షించింది. గట్టి రాతి పునాది లేకున్నా, లోతు తెలియని ఇసుకపై ఆ కట్టడం శతాబ్దాలుగా నిలిచి ఉండడాన్ని శ్రద్ధగా పరిశీలించారు. ఆ విద్యతోనే 1836లో కొల్లిడం నదిపై ఆనకట్టలు నిర్మించారు. ఈ విషయంలో తన గురువులు స్థానిక పూర్వులేనని ఆయన దాపరికం లేకుండా అంగీకరించారు.

ధవళేశ్వరం వద్ద..

గోదావరిపై ఆనకట్ట నిర్మించాలని 1844లో కాటన్‌ ప్రభుత్వానికి నివేదించారు. అనుమతి లభించి 1847లో పనులు ఆరంభమయ్యాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం రెండు మైళ్లకు పైగా రాతికట్టు లేచింది. ఇసుకలో నూతి పునాదులు దింపి, దిగువన బండరాళ్లు పేర్చారు. వరద ఉరవడికి రాళ్లు కుంగినచోట మళ్లీ రాళ్లు నింపారు. కొండను తొలిచి తెచ్చిన రాతిని వేలాది కూలీలు మోశారు. పనివారిని సమకూర్చడంలో వీణెం వీరన్న కాటన్‌కు కుడిభుజమై నిలిచారు. 1848లో ఎండదెబ్బకు ఆరోగ్యం చెడి కాటన్‌ ఆస్ట్రేలియా వెళ్లగా, కెప్టెన్‌ ఓర్‌ పనులు నడిపించారు. 1850లో తిరిగివచ్చిన కాటన్‌ పనుల బాధ్యతను మళ్లీ స్వీకరించారు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

గన్నవరం అక్విడెక్టు

ఆనకట్ట నీటిని నిలబెట్టింది. అయినా కోనసీమలోని నగరం లంకకు అది చేరడం ఎలా? మధ్యలో వైనతేయ పాయ అడ్డుగా ఉంది. కాలువను పాయలో కలిపితే మట్టం కోల్పోయి, నీరు ఆవలి గట్టు ఎక్కదు. అందుకే నదిపైనే కాలువను నడిపించాలని నిశ్చయించారు. కాటన్‌ సహచరుడు లెఫ్టినెంట్‌ హేగ్‌ ఆ బాధ్యత వహించారు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున 49 కమానులతో, సుమారు 2,250 అడుగుల పొడవున వంతెన వంటి కట్టడం వెలసింది. కింద నది, పైన కాలువ. సముద్రానికి చేరువైన లంక భూములకు గోదావరి తీపినీరు అలా అందింది. నేడు ఆ సేవలను అందిస్తున్న కొత్త అక్విడెక్టుకు, అన్నదానానికి పేరొందిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

చివరి వరకూ కాలువల పక్షమే

కాలువలు పొలాలకు నీరిస్తూనే పడవలకు దారులూ అయ్యాయి. రైలు మార్గాలకన్నా కాలువలే ప్రజలకు మేలని కాటన్‌ వాదించారు. 1861లో సర్‌ బిరుదు పొందినా, ఆ వాదం పాలకులకు రుచించలేదు. 1878లో పార్లమెంటరీ సంఘం ఎదుట నిలిచి సమాధానాలు చెప్పవలసి వచ్చింది. అయినా ఆయన మాట మార్చలేదు. 1899 జులై 24న 96వ ఏట డోర్కింగ్‌లో కన్నుమూశారు.

పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ ఆయన పేరునే ధరించి సుమారు పది లక్షల ఎకరాలకు నీరందిస్తోంది. ఏటా మే 15న ధవళేశ్వరంలో రైతులు, ఇంజినీర్లు ఆయన విగ్రహానికి పూలమాలలు వేస్తారు. తన ఏలుబడి సాగే దేశంలో విద్య నేర్పేవాడిగానే కాక, నేర్చుకునేవాడిగానూ మెలగడమే ఆ ఇంజినీరు పనిని ఇసుకపై నిలబెట్టింది.