అన్నపూర్ణ డొక్కా సీతమ్మ

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రమున కలియును. ఆ పాయల నడిమి సీమయే కోనసీమ. ఇప్పుడచట వంతెనలున్నవి. నూటయేబది సంవత్సరముల క్రిందట బాటసారి రేవున పడవకై గంటలకొలది వేచియుండవలసినదే. వరద వచ్చినచో దినముల తరబడి నిలిచిపోవలసినదే. చేత డబ్బున్నను అన్నము దొరకు చోటు అరుదు. అట్టి దారిలో, వైనతేయ తీరమున, లంకల గన్నవరమను గ్రామమున, వేళగాని వేళ వచ్చినవానికిని విస్తరి వేయు ఇల్లొకటి యుండెను. అది డొక్కా సీతమ్మగారి ఇల్లు.

సీతమ్మగారు 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు. అడిగినవారికెల్ల అన్నము పెట్టుటచే ఊరివారాయనను బువ్వన్న అని పిలిచెడివారు. తల్లి నరసమ్మగారు గతించుటచే చిన్ననాడే ఇంటి భారము సీతమ్మగారిపై పడెను. ఒకనాడు లంకల గన్నవరమునుండి వచ్చిన డొక్కా జోగన్నగారు ఆ యింట భోజనము చేసి, అచటి ఆదరమునకు సంతసించి, పిమ్మట ఆమెను వివాహమాడిరి.

జోగన్నగారు భూవసతిగల గృహస్థు. సీతమ్మగారు కాపురమునకు వచ్చిన నాటినుండి పొలమున పండిన ధాన్యము అతిథుల విస్తళ్లకే పోవ మొదలిడెను. అన్నమడిగినవాని కులమేదని ఆమె అడుగలేదు. ఆచారములు కఠినముగా నున్న ఆ దినములలో ఒక బ్రాహ్మణ గృహిణి కిది సులభమైన పని కాదు. అర్ధరాత్రి ఎవరైన తలుపు తట్టినచో లేచి పొయ్యి రాజవేసెడివారు. ఆకొన్నవానియందే భగవంతుడున్నాడని ఆమె విశ్వాసము. ఆస్తి తరిగినను పొయ్యి ఆరలేదు.

ఈ విశ్వాసము నిజముగా ఎంతటిదో ఒక ప్రయాణమున తేలెను. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శింపవలెనని ఆమెకు చిరకాలపు కోరిక. ఇంట అతిథులు లేని దినమే ఉండదు గనుక ఆ కోరిక తీరుటయే లేదు. ఎట్టకేలకు ఒకసారి పల్లకిలో బయలుదేరిరి. బోయీలు దారిలో అలసట తీర్చుకొనుచుండగా, ఎదురుగా ఒక కుటుంబము వచ్చెను. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండిరి. గన్నవరమెంతో దూరము లేదు, సీతమ్మగారి ఇల్లు చేరినచో కడుపునిండ అన్నము దొరకునని పెద్దలు వారిని ఓదార్చుచుండిరి. ఆ మాటలు పల్లకిలోనికి వినబడెను. తాను లేని ఇంటికి ఆ పిల్లలు పోవుచున్నారు! స్వామి కొండంత దేవుడు, వేచియుండగలడు. పసివాని కడుపు వేచియుండలేదు. ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందే ఇల్లు చేరి వంట ప్రారంభించిరి. దర్శనము మానుకొన్నందులకు ఆమె విచారించినట్లు ఎవరును చెప్పలేదు.

ఆమె పేరు సముద్రములు దాటెను. 1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక మహోత్సవమునకు ఆమెకు ఆహ్వానము వచ్చెనని చెప్పుదురు. తాను వెళ్లినచో ఇచట వడ్డించువారెవరు? ఆమె వెళ్లలేదు. కనీసము ఛాయాచిత్రమైన తీయించుకొమ్మని అధికారులు కోరగా, కీర్తి కొఱకు తానీ పని చేయుటలేదని మొదట నిరాకరించిరట. చిత్రము లేనిదే తమ ఉద్యోగమునకు ముప్పు వచ్చునని వారు బ్రతిమాలిన పిమ్మట మాత్రమే అంగీకరించిరి. ఒకని జీవనమునకు హాని కలుగునన్నచో ఆమె పట్టు సడలుట సహజమే గదా! ఆ చిత్రమునే ఉత్సవమున ఒక ఆసనముపై నుంచిరని వాడుక.

సీతమ్మగారు 1909వ సంవత్సరమున పరమపదించిరి. గన్నవరమువద్ద వైనతేయపై 2000వ సంవత్సరమున నిర్మించిన అక్విడెక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలలలోని మధ్యాహ్న భోజన పథకమునకును ఆ పేరే పెట్టెను.